లిబియాలో మా పిల్లల బడి

మార్చి 25, 1985

ఈ డైరీ మా ఆయన పోయిన సెలవులో తెచ్చి పడేసింది. అట్ట మీద కంపెనీ పేరు, లోపలంతా ఖాళీ. పిల్లలు పిచ్చిగీతలు గీస్తారని బీరువా మీద దాచాను. ఇవాళ ఎవరితోనూ చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేటట్టుంది, చెప్పుకుంటే దిష్టి తగిలేటట్టుంది. అందుకని దీన్ని కిందికి దించాను.

మాకు ఫ్యామిలీ వీసా వస్తుందట. ఎండాకాలం సెలవులు అయిపోగానే నేనూ, పిల్లలు భాగ్యా, యాదగిరీ లిబియా పోతామట. సైటు నుంచి సెలవు మీద వచ్చిన మనిషొకాయన నిన్న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో క్యాసెట్టు చేతిలో పెట్టి పోయాడు. మా జనార్ధన్ గారికి ఉత్తరం రాయాలంటే ఒళ్లు బరువు. ఏం చెప్పాలన్నా క్యాసెట్టులో మాట్లాడి పంపుతాడు. ఆయన అక్కడ రోడ్లు వేసే యంత్రాలు బాగుచేస్తుంటే ఇక్కడ వనస్థలిపురంలో నా కాపురం టేప్‌రికార్డరుతో నడుస్తోంది.

పోయినసారి నేను పంపిన క్యాసెట్టులో ఒక్కటే అడిగాను. అక్కడ బడి ఎట్లా ఉంది, ఏ తరగతి దాకా ఉంది అని. యాదగిరి నాలుగులోకి వస్తాడు, వాడిని ఎక్కడ కూర్చోబెట్టినా గోలీలాడుకుంటాడు. భాగ్య అట్లా కాదు. తొమ్మిదిలోకి వస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ కాన్వెంటులో దాని తరగతిలో మొదటి మార్కు ఎప్పుడూ దానిదే. దాని చదువు చెడితే ఆ లిబియా నాకెందుకు?

దానికి ఆయన జవాబు ఇది. "బడి గురించి పరేషాన్ గాకు ప్రభా. ఇంటికి బడికి నడుమ నాలుగు అడుగులే. టీచరమ్మ మన తెలుగామెనే. జర కోపమెక్కువ గని మనసు మంచిది."

ఏ తరగతి దాకానో చెప్పలేదు. మరిచిపోయి ఉంటాడు.

ఏప్రిల్ 1

కాన్వెంటుకు పోయి హెడ్‌మిస్ట్రెస్‌ను కలిశాను. టీసీలు కావాలి అనగానే ఆమె మొహం చిన్నబోయింది. భాగ్య మీద చాలా ఆశలు పెట్టుకున్నామనీ, తీసుకుపోయే చోట ఏముందో బాగా విచారించుకొమ్మనీ చెప్పింది. నేనేం తక్కువ తిన్నానా. ఇంటి పక్కనే బడి అనీ, టీచరు మనవాళ్లేననీ గొప్పగా చెప్పాను. ఎంత వరకు ఉందని అడిగితే పది దాకా అన్నాను. అది అబద్ధమేమీ కాదు. బడి అన్నాక పది దాకా ఉండకుండా ఎట్లా ఉంటుంది?

తిరిగి వస్తుంటే సందు చివర గంగాధరరావు గారు ఆపారు. మా సందులో ఫోన్ ఉన్న ఇల్లు వాళ్లదొక్కటే. ఏలూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. అక్కడ ఏ సిలబస్సమ్మా అన్నారు. సెంట్రల్ అండీ అనేశాను. నోటికి అదే వచ్చింది.

ఏప్రిల్ 6

గోంగూర పచ్చడి పెట్టాను. ఒక జాడీ మాకు, ఒక జాడీ అక్కడి టీచరమ్మకు. తెలుగామె కదా, ఎడారిలో గోంగూర ఎక్కడ దొరుకుతుంది పాపం. కోపిష్టి మనిషి అని ఆయనే అన్నాడు. మొదటి రోజే మంచి చేసుకుంటే పిల్లల మీద కాస్త దయగా ఉంటుంది. భాగ్యకు, యాదగిరికి తెల్ల బూట్లు కూడా కొన్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఎవరో ఆడమనిషి. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఉతికిన తెల్ల చీర, చేతిలో ద్రాక్షపళ్ల సంచి, వెనక ఒక ఆడపిల్ల, ఒక పిల్లవాడు. పేరు ఎలీశమ్మ అని చెప్పింది. ఆమె భర్త సుందరయ్య మా ఆయన సైట్లోనే వెల్డింగు పని చేస్తాడట. సొంతూరు చౌటుప్పల్ దగ్గర, ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉంటున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. పిల్లలిద్దరి వీపుల మీద చేతులు వేసి నా కాళ్ల మీదికి వంచింది.

"దండం పెట్టుర్రి. గీమెనే మీ టీచరమ్మ."

నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. పొరబడ్డావమ్మా, టీచరమ్మ వేరే ఆవిడ, అక్కడే ఉంటుంది, మేమూ ఇంకా చూడలేదు అన్నాను. ఆమె నవ్వింది. నేను ఆట పట్టిస్తున్నాననుకుంది.

"జనార్ధన్ సారు భార్య మీరే గద? బీయే బీయెడ్డు సదివినామె? గక్కడ బడి నడిపేది మీరే అని సారు కంపెనీల రాసిచ్చిండు. మీరొస్తున్నరనే మా ఆరు ఇండ్లోళ్లకు వీసాలిస్తున్నరు."

బీయే బీయెడ్డు ఎవరు? నేను చదివింది పది. భువనగిరి గర్ల్స్ హైస్కూల్లో పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలమే పెళ్లి. ఆ మాట చెప్పేద్దామనుకున్నాను. ఆ పిల్లలిద్దరూ నన్ను కళ్లప్పగించి చూస్తున్నారు. పెద్దది ఎస్తేరట, ఐదులోకి వస్తోంది. చిన్నవాడు దానియేలు, రెండు. ఎస్తేరు మెల్లగా నా దగ్గరికి జరిగి అక్కడ బడిగంట ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. ఇంకేమంటాను?

వాళ్లు పోయాక క్యాసెట్టు మళ్లీ పెట్టాను. ఇంటికి బడికి నడుమ నాలుగు అడుగులే. అవును మరి, వంటింట్లోంచి ముందు గదిలోకి అంతకంటే ఎక్కువ ఎందుకుంటాయి? టీచరమ్మ మన తెలుగామెనే. జర కోపమెక్కువ. ఒళ్లు మండిపోయి టేపు ఆపేశాను. భాగ్య వచ్చి ఏమైందమ్మా అంది. తలనొప్పి అన్నాను.

అల్మారాలో టీచరమ్మ కోసం పెట్టిన పచ్చడి జాడీ ఉంది. అది నాకే అన్నమాట.

ఏప్రిల్ 15

వంట చేయలేదు. పిల్లలు బన్నులు తిన్నారు.

ఏప్రిల్ 19, శుక్రవారం

శుక్రవారం వాళ్లకు సెలవు. సైటు నుంచి పట్నం పోయి ఫోన్ చేస్తాడు. గంగాధరరావు గారు గోడ మీది నుంచి పిలిచారు.

ఇన్ని రోజులూ ఏమేం తిట్టాలో మనసులో వల్లె వేసుకుని ఉన్నాను. కానీ ఆ హాల్లో ఏం తిడతాను? గంగాధరరావు గారు పేపరు పట్టుకుని కుర్చీలో, వాళ్లావిడ వత్తులు చేసుకుంటూ చాప మీద. ఇద్దరూ నావైపే చెవులు పెట్టి కూర్చున్నారు. మొహం మీద నవ్వు పులుముకుని, అక్కడ బడిలో టీచర్ ఎవరండీ అని మర్యాదగా అడిగాను.

అవతల మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు వింటే ఫోన్లోంచి లాగి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

జరిగింది ఇదట. బడి లేని క్యాంపుకు బడీడు పిల్లలను రానివ్వరు. అది కంపెనీ రూలు. పిల్లలు రాకపోతే పెళ్లాలూ రారు. మేనేజరు అందరినీ పిలిచి, ఎవరి భార్యకైనా పాఠాలు చెప్పడం వచ్చా అని అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. మా ఆయన చెయ్యెత్తాడు.

"ఎత్తిన. ఏమైంది గిప్పుడు? యాదగిరికి ఎక్కాలు నేర్పింది నువ్వే గద?"

భాగ్య సంగతేమిటి అన్నాను. చూద్దాం తియ్యి అన్నాడు, లైను కట్టయింది. గంగాధరరావు గారి భార్య చూస్తోందని, ఆ చచ్చిపోయిన ఫోన్లోనే, సరేనండీ, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను.

పిల్లల స్కూలు సంగతి తేలిందా అమ్మా అని ఆయన అడిగారు. తేలిందండీ అన్నాను.

ఏప్రిల్ 20

నేను పోను.

ఏప్రిల్ 21

పోను. ఆ మాట క్యాసెట్టులో చెప్పి పంపుదామని కూర్చున్నాను. బటన్ నొక్కితే ఏడుపు తప్ప మాట రాలేదు. చెరిపేశాను.

ఏప్రిల్ 28, ఆదివారం

ఎలీశమ్మ ఇంకొకామెను వెంటబెట్టుకుని వచ్చింది. ఇంద్రమ్మ. పెద్ద అంబర్‌పేట ఆమె. భర్త వెంకటేశ్వర్లు అదే సైట్లో క్రేను నడుపుతాడు. ఈమెకు ఇద్దరు మగపిల్లలు. డబ్బా నిండా నెయ్యి తెచ్చింది. వద్దంటే వినలేదు, తనే వంటింట్లోకి పోయి పెట్టి వచ్చింది.

నేను రానని చెప్పేద్దామనే కూర్చున్నాను. వాళ్లేమో ఏ గిన్నెలు తీసుకుపోవాలి, అక్కడ కారం దొరుకుతుందా, విమానంలో చెవులు నొస్తాయా, ఇవే మాటలు. ఎలీశమ్మ సుందరయ్య కోసం స్వెట్టరు అల్లుతోంది. ఎడారిలో స్వెట్టరేమిటి అంటే, చలికాలం గజగజ వణుకుతామని చెప్పాడట. అల్లిన ముక్కను చూపిస్తుంటే ఆమె మొహం ఎంత వెలిగిపోయిందో. నేను నోరు మూసుకున్నాను.

టీచరమ్మా, టీచరమ్మా అని పిలుస్తుంటే మొదట ఒళ్లంతా చీదర పుట్టింది. పోయేటప్పటికి అలవాటైంది. నా డైరీలో నాకేం భయం, బాగానే ఉంది ఆ పిలుపు.

మే 4

మంగళవారం కోఠీ పోయి పుస్తకాలు తెచ్చాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా, ఇంగ్లీషు మీడియంవి. నాలుగు రోజుల్నుంచి చదువుతున్నాను. ఐదు దాకా నల్లేరు మీద నడకలా ఉంది. ఆరు, ఏడు కష్టపడితే చెప్పగలను. లెక్కల్లో నేను మొద్దును కాదు. మా అయ్య ఆ ఎండాకాలం పెళ్లి చేయకపోతే నేనూ ఏదో ఒకటి అయ్యేదాన్నే.

ఎనిమిది తెరిస్తే చెమటలు పట్టాయి. తొమ్మిది బీజగణితం దగ్గర నేను నోరు తెరుచుకుని కూర్చుంటే, భాగ్య వచ్చి పక్కన కూర్చుని నాకు చెప్పడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, విసుక్కోకుండా, మళ్లీ మళ్లీ. అయినా నాకు ఎక్కలేదు. అది పుస్తకం మూసి, నేనే సొంతంగ చదువుకుంట తియ్యమ్మా అంది. ఆ జాలి చూపు నేను తట్టుకోలేకపోయాను.

మే 11

ఇంకో క్యాసెట్టు వచ్చింది. పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు పెట్టుకుని విన్నాను. మంచిపనే చేశాను.

భాగ్య చదువు గురించి ఆయన బాగా ఆలోచించాడట. పిల్లలిద్దరినీ ఇక్కడే మంచి హాస్టలు బడిలో వేసి, నేనొక్కదాన్నే రావాలట. "మన పిల్లల చదువు ఖరాబు గావద్దు ప్రభా. నువ్వొచ్చినవంటె గీ బడి నడుస్తది, అందరి పనయితది."

అంటే నేను చెప్పే బడిలో చదివితే చదువు ఖరాబు అవుతుందని ఆయనకు ముందే తెలుసు. ఎస్తేరుది, దానియేలుది, ఇంద్రమ్మ పిల్లలది ఖరాబు అయితే ఫర్వాలేదు. మన పిల్లలది కావద్దు. ఎంత తేలిగ్గా అన్నాడు. క్యాసెట్టు లోపలి టేపంతా బయటికి లాగి పారేద్దామనుకున్నాను. పదిహేనేళ్లుగా నేను అన్నం పెట్టింది ఈ మనిషికా అనిపించింది.

సాయంత్రం అయ్యేసరికి కోపం కాస్త తగ్గింది. నిదానంగా ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. భాగ్యకు మంచి చదువు కావాలి. అది నా దగ్గర లేదు. తల్లిగా నేను చూడాల్సింది నా పిల్లలనే కదా. మిగతావాళ్ల పిల్లలను వాళ్ల తల్లులు చూసుకుంటారు.

మే 16

పెద్ద అంబర్‌పేట దగ్గర హైవే పక్కన కొత్తగా హాస్టలు బడి పెట్టారు. పిల్లలను తీసుకుని పోయి చూసి వచ్చాను. గదులు శుభ్రంగా ఉన్నాయి. సైన్సు గదిలో గాజు గొట్టాలు, సీసాలు చూసి భాగ్య అక్కడే నిలబడిపోయింది, పిలిచినా కదలదు. యాదగిరి మాత్రం నా కొంగు వదల్లేదు. నువ్వు పోతే రాత్రి నా పక్కన ఎవరు పడుకుంటారు అని అడిగాడు. నాలుగు రోజులుంటే నీకే అలవాటవుతుంది అన్నాను.

ఇద్దరి పేర్లూ రాయించాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

మే 26, ఆదివారం

మనసు ఊరుకోవడం లేదు. హాస్టలు సంగతి చెప్పకపోయినా, కనీసం నేను పదే చదివానన్న సంగతైనా చెప్పేస్తే పీడ పోతుందనుకున్నాను. అది విని వాళ్లే వద్దంటే నా తప్పు లేదు. అందుకని ఎలీశమ్మను, ఇంద్రమ్మను పిలిపించాను. చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, తల దించుకుని చెప్పేశాను. నాకు బీయే లేదు, బీయెడ్డు లేదు, మా ఆయన అబద్ధం రాసిచ్చాడు అని.

తల ఎత్తి చూస్తే ఇద్దరూ చాయ్ తాగుతున్నారు.

"మాకెరికే గద," అంది ఇంద్రమ్మ. "మా ఆయన నాడే జెప్పిండు. జనార్ధన్ సారు చెయ్యెత్తినప్పుడు అందరు కలిసి రాత్రికి కోడిని కోసుకున్నరట."

మరి మొదటి రోజు బీయే బీయెడ్డు అని నా కాళ్లకు దండం పెట్టించింది ఎందుకని ఎలీశమ్మను అడిగాను. పిల్లల ముందు అట్లాగే అనాలి కదా అంది. నాకూ అంతా తెలిసే ఉంటుందనుకుందట.

చాయ్ గ్లాసు కింద పెట్టి ఆమె చెప్పిన మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. "మేం బడి కోసం పోతలేం టీచరమ్మా. బడి ఉంటెనే మమ్ముల రానిస్తరు, గందుకే బడి. సుందరయ్య సెలవు మీద ఒస్తే మా చిన్నోడు నా ఎనకాల దాక్కుంటడు. గీయన ఎవలు అని అడుగుతడు. సదువు జర ఎనకవడ్డా ఏదో ఒకటి జేస్కొని బతుకుతడు. నాయినను గుర్తువట్టకుంటె ఏం జేద్దు?"

ఆరుగురు మొగుళ్లకు తెలుసు. ఆరుగురు పెళ్లాల్లో నాకు తప్ప అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ నేను వాళ్లను మోసం చేస్తున్నానని కుమిలిపోయాను. ఏ బడి మంచిది, ఏ సిలబస్సు, ఏ తరగతి దాకా అని ఊరంతా తిరిగి విచారించిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. అక్కడ నిజంగా బడి ఉందనుకుంటున్నది ఇప్పుడు పిల్లలు మాత్రమే.

హాస్టలు మాట మాత్రం ఇవాళ కూడా చెప్పలేదు.

జూన్ 10

ఇవాళ పిల్లలను హాస్టల్లో వదలాల్సిన రోజు. రెండు ట్రంకు పెట్టెలు, రెండు పరుపులు. ఎల్బీ నగర్‌లో బస్సు ఎక్కించి తీసుకుపోయాను. యాదగిరి దారి పొడుగునా కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాడు.

హాస్టలు గేటు దగ్గర వేపచెట్టు కింద ఎలీశమ్మ నిలబడి ఉంది. పక్కన ఎస్తేరు, దానియేలు. వాళ్ల ముందు ఒక ట్రంకు పెట్టె. ఇద్దరికీ కలిపి ఒకటే.

ఇంద్రమ్మ ఊరే కదా ఇది. మేము మేలో వచ్చిపోయిన సంగతి ఆమె చెవిన పడకుండా ఉంటుందా? పిల్లలను నాన్న దగ్గరికి తీసుకుపోతానంటివి కదా, ఇదేమిటి ఎలీశమ్మా అన్నాను. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మీ పిల్లలు గీడ ఉంటున్నరట గద. మీరు జూసి పెట్టిన బడి అంటె మంచిదే అయితది. మావోళ్లను గూడ గిండ్లనే ఏస్త. ఇంద్రమ్మ పిల్లలు గూడ రేపు ఒస్తున్నరు. మిగిలిన ఇండ్ల సత్తెమ్మ, సాయమ్మ, ఇంకొకామె గూడ ఏస్తం అన్నరు. నేనొక్కదాన్నే సుందరయ్య తానకు పోత."

నేను టీచర్ని కాదని నీకు తెలుసు కదా, నేను చూసి పెట్టడమేమిటి అన్నాను.

"ఎరికే. మీరు పది సదివిన్రు. నేను బడి మెట్టు ఎక్కలే. పిల్లల సదువు సంగతి మాకేం తెలుస్తది? మీరేం జేస్తే గదే జేస్తం."

గేటు పట్టుకుని నిలబడ్డాను. పిల్లల కోసం అబద్ధపు బడి పెట్టాం, ఆ బడి పేరు చెప్పి తల్లులందరికీ వీసాలు తెచ్చుకున్నాం, ఇప్పుడు ఆ పిల్లలందరినీ ఇక్కడ దింపి పోతున్నాం. ఒక్క పిల్లవాడు కూడా లేని బడికి నేను టీచర్ని. తండ్రి మొహం మరిచిపోకూడదన్న ఎలీశమ్మ, నన్ను చూసి, తల్లి మొహం కూడా మరిచిపోయేటట్టు పెట్టె సర్దుకొచ్చింది. దానియేలు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపల గంట ఉందా అని అడుగుతున్నాడు.

వార్డెను దగ్గరికి పోయి, మా పిల్లలు చేరడం లేదని చెప్పాను. ఆమె ఏదో అంది, నేను వినలేదు. బయటికొచ్చి దానియేలు ట్రంకు పెట్టె నేనే ఎత్తుకున్నాను. నీ పిల్లలు నా దగ్గరే చదువుకుంటారు, నా పిల్లలు కూడా వాళ్ల పక్కనే కూర్చుంటారు అని ఎలీశమ్మకు చెప్పాను. యాదగిరి ఎగిరి గంతేసి బస్టాపుకు పరుగెత్తాడు. భాగ్య వెనక్కి తిరిగి ఆ సైన్సు గది వైపు ఒకసారి చూసింది. తర్వాత తన పెట్టె తనే పట్టుకుని నడిచింది.

జూన్ 14, శుక్రవారం

ఫోన్ వచ్చింది. గంగాధరరావు గారి హాలు, అదే కుర్చీ, అదే చాప. ఇవాళ నాకు ఎవరి భయమూ లేదు. అందరి ముందూ మొగుడిని 'నువ్వు' అనేశాను కూడా.

"నేనొస్త. పిల్లలందరు ఒస్తరు. గని బీయే బీయెడ్డు అని గాదు, పదో తరగతి అని మేనేజరుకు జెప్పు. ఏడో తరగతి దాకనే చెప్త. మంచిగ చెప్త. ఆ పైది నాకు రాదు. గట్ల ఒప్పుకుంటెనే ఒస్త."

ఆయన నోరు మూసుకొమ్మన్నాడు. లైన్లో ఎవరైనా వింటారన్నాడు. విననీ అన్నాను. ఆరు వీసాలూ పోతాయన్నాడు. పోనీ అన్నాను. నాకు పిచ్చి పట్టిందన్నాడు. పట్టింది, ఇప్పుడే వదిలింది అన్నాను. గంగాధరరావు గారి భార్య వత్తులు చేయడం ఆపి నన్నే చూస్తోంది. ఫోన్ పెట్టేశాక గంగాధరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, బాగా చెప్పావమ్మా అన్నారు.

భాగ్య గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను పిలవడానికి వచ్చిందట. ఇద్దరం ఇంటికి వచ్చాం. చాలా రోజుల తర్వాత ఇవాళ నాకు ఆకలేసింది.

జూన్ 17

ఎలీశమ్మకు చెప్పాను. నా మాట వల్ల వీసాలు పోవచ్చని కూడా చెప్పాను. ప్రార్థనలో పెడతాను టీచరమ్మా అని, స్వెట్టరు ఊలు ఉండ చుట్టుకుంటూ కూర్చుంది.

జూన్ 21, శుక్రవారం

నమ్మలేకపోతున్నాను. మేనేజరు ఒప్పుకున్నాడు.

వారం రోజులు భయపడి, నిన్న ధైర్యం చేసి ఈయన నిజం చెప్పాడట. మేనేజరు నవ్వాడట. రాసుకోవడానికి బడి అని ఒకటి ఉండాలి, పదో తరగతి చాలు, ఏడు దాకా చాలు, మీ పిల్లలు ఏం చదువుకుంటే నాకేం అన్నాడట. ఇంత చిన్న సంగతికి ఈ మనిషి బీయే బీయెడ్డు ఎందుకు తగిలించాడో ఆ దేవుడికే తెలియాలి. ఆరు వీసాలూ ఖాయం. ఎలీశమ్మ వాళ్లంతా పిల్లలతోనే పోతున్నారు. నేను గంగాధరరావు గారి హాల్లోనే, ఫోన్ మెడ కింద నొక్కిపట్టి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పాడు. "పిల్లల పేర్లు జూసిన ప్రభా. అందరు ఏడు లోపటోళ్లే. పైతరగతి మన భాగ్య ఒక్కతే. గా హాస్టల్ల దాని సీటు ఇంక ఉన్నదా?"

అందరి పిల్లలూ అమ్మానాన్నల దగ్గర ఉంటారు. అబద్ధం చెప్పనని, రానిది చెప్పనని, నేను గీత గీశాను. ఆ గీతకు అవతల మిగిలింది నా కూతురు ఒక్కతే. వెనక్కి తిరిగి చూశాను. భాగ్య ఇవాళ కూడా గుమ్మంలోనే ఉంది.

జూన్ 22

సీటు ఉంది. పొద్దున పోయి కనుక్కున్నాను.

భాగ్య ఏడవలేదు. నాకు ఆ సైన్సు గది నచ్చిందమ్మా, ఎడారిలో నేనేం చేస్తాను, పది అయినంక సెలవులకు వస్తా అంది. నన్ను ఓదార్చడానికే అంటోందని తెలుస్తూనే ఉంది. దాని జడలకు నూనె రాసి అల్లుతూ రెండుసార్లు విప్పి మళ్లీ అల్లాను. అది పెట్టెలో బట్టలు సర్దుకుంటూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఒక్కటడుగుత అమ్మా. ఏడు దాకనే అని నాయినతోని చెప్పినప్పుడు, నేను యాదికొచ్చిన్నా?"

"ఒచ్చినవ్ బిడ్డా. ఎందుకు రావు?" అన్నాను.

సరే అన్నట్టు తలూపి, పెట్టె మూసి, గొళ్లెం పెట్టుకుంది. నమ్మింది.

రాలేదు. ఆ ఫోన్ పట్టుకున్నప్పుడు దానియేలు గుర్తున్నాడు, ఎస్తేరు గుర్తుంది, యాదగిరి గుర్తున్నాడు. గుమ్మంలో నిలబడి నా మాటలన్నీ వింటున్న నా కూతురు నాకు గుర్తు రాలేదు.